దురదకు దోషి వంకాయ కాదు

దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద వన్ గ్రామ్ గోల్డ్ గొలుసు కొంటారు. కొన్నాళ్లకు మెడ చుట్టూ ఎర్రని పట్టీ, దురద, నీటి పొక్కులు మొదలవుతాయి. ఇంట్లో పెద్దలు “వంకాయ పడలేదు, వేడి చేసింది” అంటారు. మందుల దుకాణంలో “రక్తం చెడింది” అని చెప్పి ఒక ట్యూబు చేతిలో పెడతారు. రెండు తీర్పులూ తప్పే. మొదటిది తెలియక చెప్పిన మాట. రెండవది అమ్మకం కోసం చెప్పిన మాట.

పాఠకులారా, అసలు జరిగేది వినండి. చౌక నగలలోని నికెల్ చెమటలో కరిగి, చర్మపు పైపొరను దాటి, అక్కడి ప్రోటీన్లకు అతుక్కుంటుంది. చర్మంలో కావలి కణాలున్నాయి. వాటిని 1868లో పాల్ లాంగర్‌హాన్స్ వర్ణించాడు కనుక ఆయన పేరుతోనే పిలుస్తారు. అవీ, వాటి తోటి డెండ్రిటిక్ కణాలూ ఆ కొత్త పదార్థపు ఆనవాళ్లను సమీపంలోని లింఫు గ్రంథులకు మోసుకుపోయి టి-కణాలకు చూపుతాయి. ఆ పదార్థాన్ని గుర్తించే టి-కణాలు తయారు కావడానికి సుమారు పది, పదిహేను రోజులు పడుతుంది. అంతవరకు చర్మం నిర్మలంగానే ఉంటుంది.

ఆ తరువాత అదే లోహం మళ్లీ తాకితే కథ మారుతుంది. చర్మం నుంచి రసాయన సంకేతాలు వెలువడతాయి. రక్తనాళాల లోపలి గోడలు జిగురు వంటి అణువులను బయటపెడతాయి. రక్తంలో కొట్టుకుపోతున్న టి-కణాలు ఆ గోడపై దొర్లి, వేగం తగ్గి, అతుక్కొని, సందుల గుండా చర్మంలోకి దూరతాయి. ఇందుకు ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఆదివారం పెళ్లిలో ధరించిన గొలుసుకు మంగళవారం పొక్కులు లేస్తాయి. ఆనాడు తిన్న కూరపై నింద పడుతుంది.

తలకు వేసే రంగులోని పీపీడీ, బొట్టుబిళ్ల జిగురు, మేస్త్రీల చేతులను తినే సిమెంటులోని క్రోమియం, ఎల్.బి.నగర్ ఖాళీ ప్లాట్లలో పెరిగే వయ్యారిభామ, అన్నీ ఈ దారిలోనే పనిచేస్తాయి.

ఇక ఆ ట్యూబు సంగతి. అందులో తరచుగా క్లోబెటసాల్ వంటి బలమైన స్టీరాయిడ్ ఉంటుంది. అది టి-కణాల వలసను అణచివేస్తుంది కనుక రెండు రోజుల్లో ఉపశమనం కలుగుతుంది. కానీ కారణం మెడలోనే ఉంది, కణాల జ్ఞాపకమూ పోదు. ట్యూబు మానగానే దురద తిరిగి వస్తుంది, మరో ట్యూబు కొంటారు. నెలల తరబడి పూస్తే చర్మం పలచబడుతుంది, ముఖం ఎర్రబడుతుంది, తామర ఉంటే రూపం మార్చుకొని పాకుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం పద్నాలుగు రకాల స్టీరాయిడ్ పూత మందులను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే వైద్యుని చీటీ లేకుండా వాటిని అమ్మరాదు. చట్టం ఉండగా చీటీ అడగని దుకాణదారుని ఏమనాలి? చీటీ లేకుండా కొనే మనల్ని ఏమనాలి?

“డాక్టరు ఫీజు ఎక్కువ, ట్యూబు చౌక” అంటారు. ఎన్నో ట్యూబుల లెక్క వేసి చూడండి. గొలుసు తీసివేయడానికి ఫీజు లేదు! వైద్యుడు చూసి, తగిన బలమూ తగిన రోజులూ నిర్ణయించి రాస్తే స్టీరాయిడ్ మంచి మందే. నా కోపం మందుపై కాదు, విచారణ లేని పూతపై.

ఐరోపా సమాఖ్య 1994లోనే నగల నుంచి వెలువడే నికెల్‌కు పరిమితి విధించింది. మన అంగళ్లలోనూ “ఇందులో నికెల్ ఉందా?” అని అడగడం మొదలుపెట్టండి. పొక్కులు లేచిన రోజు నుంచి వెనక్కి మూడు రోజులు లెక్కించి, చర్మాన్ని తాకినవన్నీ కాగితంపై రాయండి. ఆ కాగితంతో చర్మ వైద్యుని వద్దకు వెళ్లి ప్యాచ్ టెస్ట్ గురించి అడగండి. ఇప్పటికే నెలలుగా ట్యూబు వాడుతున్నవారు దానిని ఒక్కసారిగా ఆపవద్దు. ఆ ట్యూబును కూడా వెంట తీసుకువెళ్లి చూపండి.