చెట్లమందే గదా, ఏమైతది?

వరంగల్ చౌరస్తా దగ్గర ఒక మూలికల దుకాణంలో నా ప్రశ్నకు వచ్చిన జవాబిది. మా అమ్మాయి కాన్పయి పన్నెండు రోజులు. పాలు చాలడం లేదని వియ్యపురాలు ఆ దుకాణంలోనే పొడి కొని పంపింది. పొట్లం మీద పేరు లేదు, పాళ్ళు లేవు, తేదీ లేదు. ఆస్పత్రిలో చూపిస్తే డాక్టరమ్మ విప్పనైనా విప్పకుండా "అవన్నీ మానెయ్యమనండి" అంది. ఇంట్లో "మేమంతా తినలేదా?" అన్నారు. ముగ్గురిలో ఒక్కరూ మా అమ్మాయికి జవాబు చెప్పలేదు.

ఇది మన స్త్రీల జ్ఞానమని వెనకేసుకొచ్చే మిత్రులతోనూ నాకు పేచీ ఉంది. మంత్రసాని మందిచ్చి మర్నాడు మళ్ళీ వచ్చి బిడ్డను చూసేది. పొట్లం మందును ఉంచుకుని ఆ మనిషిని వదిలేసింది. పోనీ పాతదంతా మంచిదా? మాటలు రావాలని వసకొమ్మును తల్లిపాలతో అరగదీసి పసిపిల్లలకు నాకించాం. వసలోని బీటా ఆసరోన్ జంతువుల్లో కణుతులు కలిగించిందని 1968లోనే అమెరికా దాన్ని ఆహారంలో వాడకుండా నిషేధించింది.

శతావరినే తీసుకోండి. మన పిల్లిపీచర. 1996లో ఇండియన్ పీడియాట్రిక్స్‌లో వచ్చిన పరిశోధన దానితో పాలు పెరగలేదంది. 2011లో అరవైమంది తల్లులతో చేసిన మరొకటి ప్రొలాక్టిన్ పెరిగిందంది. ఇంత ప్రచారమున్న మందుకే రుజువు ఇంత పల్చన. మెంతులు కూరలో వేరు, మందు మోతాదులో వేరు. అవి రక్తంలో చక్కెరను తగ్గిస్తాయి. షుగరుకు మందు వాడే బాలింతకు ఆ సంగతి ఎవరు చెప్తున్నారు?

చెట్లమందంటే చెట్టు ఒక్కటే కాదు. 2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 దక్షిణాసియా ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14టిలో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో బయటపడింది. సీసం తల్లిపాలలోకి దిగుతుంది. ఇక్కడ 2010లో చేర్చిన 158-బి నిబంధన ప్రకారం ప్రామాణిక గ్రంథాల్లోని యోగాలకు లైసెన్సు ఇవ్వడానికి సాధారణంగా కొత్తగా భద్రతా పరీక్షలు అడగరు. ఇంగ్లీషు మందులకు మాత్రం ఏం గొప్ప? వాటి పరీక్షల్లోనూ పాలిచ్చే తల్లులను పక్కనే పెడతారు. ఇద్దరికీ ఆమె లెక్కలో లేని మనిషే.

పాలు పెరగాలంటే బిడ్డ మాటిమాటికీ, సరిగ్గా పట్టి చీకాలి. ఇందులో ఎవరికీ తగాదా లేదు. అందుకు తల్లికి నిద్ర కావాలి, తీరిక కావాలి, పక్కన ఓపికగా చూపించే మనిషి కావాలి. అవి ఇవ్వడం కష్టం. పొట్లం కొనడం తేలిక. పొడి తిన్నా పాలు చాలకపోతే తప్పు ఆమె ఒంటిది. బిడ్డకు ఏదన్నా అయితే తప్పు ఆమె తిండిది.

వరంగల్‌లో అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. కాకతీయ విశ్వవిద్యాలయంలో ఫార్మసీ కళాశాల ఉంది. చందా కాంతయ్య స్మారక ప్రసూతి ఆస్పత్రి ఉంది. ఈ ఊరి బాలింతలు ఏం తింటున్నారో అడిగి రాసి, ఆ పొట్లాలను పరీక్షించి, ఫలితాన్ని తెలుగులో ఆమె చేతికే ఇవ్వడానికి ఇంతకంటే ఏం కావాలి? మానెయ్యమనే ముందు అదేమిటో చూడండి. తినమనే ముందు అందులో ఏముందో చెప్పండి.

ఆ పొట్లం ఇంకా నా బల్ల మీదే ఉంది. ఏమైతదని అడిగిన ఆయనకు నా జవాబొకటే: ఏమైతదో చెప్పాల్సింది మీరు, మా అమ్మాయి కాదు.