పెద్ద కుక్కకు ఆటస్థలము

మన నగరములలో ఏ కాలనీకి బోయినను ఏదో ఒక ఇంటి గేటుపై "కుక్క ఉన్నది, జాగ్రత్త" యను పలక కనబడకపోదు. ఆ పలక వెనుక, గొలుసునకో, ఇనుపబోనునకో, మేడమీది సిమెంటు గచ్చునకో పరిమితమై, రాట్‌వైలరో, జర్మన్ షెపర్డో, గ్రేట్ డేనో, ఎక్కడి మంచుకొండలనుండియో దిగివచ్చిన సెయింట్ బెర్నార్డో తన యావజ్జీవమును గడపుచుండును. దానికి వేళకు అన్నము పెట్టుదురు, టీకాలు వేయింతురు, బంధువులు వచ్చినపుడు ప్రక్కన నిలువబడి ఫోటోలు దీయించుకొందురు. ఇన్నియు చేసి, దాని బలమునకును బుద్ధికిని ఒక పనిని మాత్రము చూపరు. పని లేని బలము ఎట్టిదో, గేటు తెరచిన క్షణమున యజమానిని వీథి చివరవరకు ఈడ్చుకొనిపోవు కుక్కను చూచిన వారికెల్ల తెలిసినదే.

2024 మార్చిలో కేంద్రప్రభుత్వము రాట్‌వైలర్, పిట్‌బుల్ మొదలగు 23 జాతుల పెంపకమును విక్రయమును అరికట్టుడని రాష్ట్రములకు లేఖ వ్రాసినది; మరుసటి నెలలోనే కర్ణాటక ఉన్నతన్యాయస్థానము ఆ లేఖను కొట్టివేసినది. ఆ కొద్దిదినములలో పత్రికలయందును టీవీ చర్చలయందును జరిగిన వాదప్రతివాదములను జ్ఞప్తికి దెచ్చుకొనుడు. ఈ జాతులన్నియు పుట్టుకతోనే క్రూరములని ఒక పక్షము, ఇంతటి సాధుజంతువులు లేవని రెండవ పక్షము గొంతు చించుకొన్నవి గాని, ఆ కుక్కకు ఎవరు ఏమి నేర్పుచున్నారని యడిగిన వారు అరుదు. నా అభిప్రాయము సూటిగా చెప్పెదను: నలుబది యేబది కిలోల కుక్కను ఇంటికి దెచ్చుకొన్న గృహస్థుడు దానితో కలిసి ఒక ఆటను నేర్చుకొనుట, దానికి టీకా వేయించుటవలెనే, తప్పని విధి, అట్టి ఆటలలో మొదట చేపట్టదగినది ర్యాలీ ఒబీడియెన్స్.

ఈ ర్యాలీ అమెరికాలో పుట్టినది. అంతకు పూర్వమే అచట విధేయతా పరీక్షలు చిరకాలముగా నడచుచుండెను. పూడుల్ జాతి కుక్కలను పెంచుచుండిన హెలెన్ వైట్‌హౌస్ వాకర్ అను నామె 1933లో న్యూయార్కు రాష్ట్రమునందలి మౌంట్ కిస్కోలో మొదటి పరీక్షను జరిపించెను. 1936లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఆ పరీక్షలకు నియమావళి నేర్పరచెను. మరుసటియేట ఆమెయు, ఆమె సహచరి బ్లాంచ్ సాండర్సును, కారునకు ట్రైలరును తగిలించుకొని తమ కుక్కలతో దేశమంతయు దిరిగి ఈ విద్యను ప్రచారము చేసిరి. ఆ పరీక్షలలో నిశ్శబ్దమే ప్రధానము. న్యాయనిర్ణేత ఆజ్ఞాపించిన యడుగు వేయవలెను. కుక్కకు ఒక్కమారు మాట చెప్పి మరల నోరు మెదపరాదు. మెచ్చుకోలు సైతము ఆ యభ్యాసము ముగిసిన పిదపనే. కచ్చితత్వమునకు ఇంతకంటె మంచి గీటురాయి లేదని యొప్పుకొందును గాని, క్రొత్తగా వచ్చిన గృహస్థునకును, బిడియపు కుక్కకును ఆ నిశ్శబ్దము గుండె జారజేయునట్టిది. చార్ల్స్ బడ్ క్రేమర్ అను శిక్షకుడు ఈ సంగతి గ్రహించి, మోటారుకార్ల ర్యాలీలలో త్రోవపొడవునను సూచనలను చదువుకొనుచు సాగిపోవు విధానమును కుక్కల యాటకు మరలించెను. 2005 జనవరి 1 నుండి అమెరికన్ కెన్నెల్ క్లబ్ దీనిని బిరుదులొసగు పోటీగా స్వీకరించినది. 2010 నుండి ఏ జాతియో చెప్పలేని సంకర కుక్కలకును ఇందు ప్రవేశము గల్పించినది.

ఆట తీరు ఇది. మైదానమున, స్థాయినిబట్టి పదినుండి ఇరువది వరకు, వరుస సంఖ్యలు వేసిన పలకలను నిలుపుదురు. ఆగి కూర్చుండబెట్టి కుక్క చుట్టు తిరుగుమని ఒక పలక, వేగము పెంచుమని మరియొకటి, వరుసగా నిలిపిన కోనుల నడుమ పాము నడకగా సాగుమని వేరొకటి. పోటీకి ముందు కుక్క లేకుండ ఆ త్రోవను నడచి చూచుకొనవచ్చును. ఇక న్యాయనిర్ణేత "ఫార్వర్డ్" అన్నతరువాత, మనిషియు, వాని యెడమప్రక్కన కుక్కయు, ఎవరి యాజ్ఞయు లేకుండ పలక తరువాత పలకను పూర్తి చేసికొనుచు పోవలెను. దారిపొడవునను కుక్కతో మాటాడవచ్చును, బుజ్జగింపవచ్చును, ఉత్సాహపరుపవచ్చును. మొత్తము నూరు మార్కులు. డెబ్బది వచ్చిన ఉత్తీర్ణత. ఇద్దరు వేర్వేరు న్యాయనిర్ణేతల యెదుట ఇట్టి ఉత్తీర్ణతలు మూడు లభించిన మొదటి బిరుదు. ఒక పలకను తప్పుగా చేసిన పది మార్కులు, మరల చేసిన మూడు మార్కులు పోవును; లీషు బిగిసిన ప్రతిమారును ఒక మార్కు పోవును. ఈ చివరి నియమము నాకు అన్నిటికంటె నచ్చినది. మన వీథులలో కుక్క మెడపట్టీ బిగిసినపుడెల్ల ఒక్కొక్క మార్కు తీసివేయుచు పోయినచో, గేటునుండి మలుపువరకైనను చేరకముందే ఎందరికి నూరు మార్కులు హరించిపోవునో గదా!

పెద్ద కుక్కలకు ఈ క్రీడ యేల యనుకూలము? ఇందు కాలము లెక్కింతురు గాని, ఇద్దరికి సమానమైన మార్కులు వచ్చినపుడు తప్ప ఆ లెక్కతో పని లేదు. గజగమనమున నడచు మాస్టిఫ్‌నకును, మెరుపువలె తిరుగు బోర్డర్ కోలీకిని నూరు నూరే. ప్రారంభస్థాయిలో దుముకుట లేదు. పైస్థాయిలలో ఉన్నను ఎత్తు 16 అంగుళములకు మించదు. మొదటి మెట్లలో లీషు ఉండనే యుండును గావున, బలమైన కుక్కను విడిచిపెట్టుటకు జంకు యజమానికి ధైర్యము చిక్కును.

అయినను పెద్ద కుక్కకు ఇందొక చిక్కు కలదు. దానికి వెనుకకాళ్ళున్నవను సంగతి అది యెరుగదు. ముందుకాళ్ళు ఎటుపోయిన వెనుకభాగము అటు తరలివచ్చునని దాని నమ్మకము. కుడివైపు మలుపులో ఈ అజ్ఞానము బయటపడదు; కుక్క వెలుపలి యంచున నుండి, పెద్ద చుట్టు తిరిగి వచ్చి చేరుకొనును. ఎడమవైపు మలుపు అట్టిది గాదు. అందు మనిషి కుక్కవైపునకే తిరుగును. అది తన పిరుదులను వెనుకకు, లోనికి మలచుకొన్నగాని చోటు దొరకదు. గ్రేట్ డేన్ అయినచో మనిషి తొడ దాని భుజమునకు తాకి, ఇద్దరును వాకిట అడ్డముగా నిలిచిన బండ్లవలె ఆగిపోవుదురు. ఇందుకు శిక్షకులు చెప్పు ఉపాయమునకు మన యింటి పీట చాలును: కదలక నిలుచు దళసరి పీట, ఇటుక యెత్తు, జారకుండ పైన రబ్బరు గుడ్డ. కుక్క ముందుకాళ్ళను దానిపై నిలిపి, దానికి అభిముఖముగా నిలిచి, మీరు ప్రక్కకు ఒక్క అడుగు వేయుడు. మీ ముఖము చూచుచుండుటకు అది వెనుకకాలిని ఒకింత జరుపక తప్పదు. ఆ కాలు కదలిన తత్‌క్షణమే, ఆలస్యము చేయక, ఉడికించిన కోడిమాంసపు తునకను నోటికందింపుడు. మొదటి కొన్ని మారులు, తన కాలు తనంతట కదలుట చూచి, "ఇది ఎవరిది?" అన్నట్లు వెనుకకు తిరిగి చూచు కుక్కలు కలవు. దినమునకు అయిదు నిమిషముల చొప్పున సాధన సాగినచో, పీట చుట్టు పూర్తిగా తిరుగుట వచ్చును. ఆ పిమ్మట పీటను తీసివేసినను పాఠము నిలుచును. ఇంత చేసినపుడు ర్యాలీ మాట యటుంచి, ఇరుకు వంటగదిలో మనుష్యులను పడద్రోయక తిరుగుట ఆ కుక్కకు అలవడును.

కూర్చుండుట విషయమునను ఇట్టి వివేకమే కావలెను. బక్కపలుచని దేహము, పొడుగుకాళ్ళు గల జాతులకు గరుకు గచ్చుమీద కూర్చుండుట బాధాకరము; సగము వంగి నిలిచిపోవును. దానిని మొండితన మనుకొని నడుముపై నొక్కువారు ముందుగా ఒక చాప వేసి చూతురు గాక. అప్పటికిని వంగనిచో తుంటి కీళ్ళలో దోషమున్నదేమో పరీక్ష చేయింతురు గాక. మన ఆదిపర్వము ప్రారంభముననే, ఏ యపరాధమును చేయని సారమేయమును జనమేజయుని సోదరులు కొట్టుటయు, దాని తల్లి సరమ వచ్చి రాజును నిలదీయుటయు కలవు. చెప్పని పాఠమునకు శిక్ష వేయు యజమాని, గొలుసు లాగి మెడను గుంజు శిక్షకుడు, ఆ కథను ఒకమారు చదువుకొనదగును.

అజిలిటీ యను ఆట చూచుటకు ర్యాలీకంటె రమ్యమైనది. 1978లో లండనులోని క్రఫ్ట్స్ ప్రదర్శనమున, గుర్రములు అడ్డంకులు దుముకు పోటీని అనుసరించి, ప్రేక్షకుల వినోదార్థము ప్రవేశపెట్టిన ఈ క్రీడ నేడు లోకమంతట వ్యాపించినది. కాని అందు గడియారము కనికరము లేని ప్రభువు. రెండడుగుల యెడముతో పాతిన కర్రల నడుమ వంకలు తిరిగి పోవుట చిన్న దేహములకు లీల. పెద్ద దేహమునకు వెన్నెముకను మాటిమాటికి వంచుకొను శ్రమ. దుమికి దిగునపుడు బరువంతయు ముందు భుజములపై బడును. పైగా పెద్ద జాతులలో ఎముకల కొసలయందలి పెరుగుదల స్థానములు పూడుటకు సంవత్సరముపైన, మహాకాయములైన జాతులలో ఒకటిన్నర నుండి రెండేండ్ల వరకు పట్టును. అంతకుముందు దుమికించుట మొక్కను వంచుట గాదు, విరుచుట. పక్వమైన వయస్సు వచ్చిన తరువాత, తక్కువ ఎత్తులను ఎంచుకొని, వినోదముగా ఆడించినచో నాకు అభ్యంతరము లేదు.

ఒక్కొక్క జాతికి దాని పూర్వికుల వృత్తి కలదు. ఆ వృత్తినే క్రీడగా మలచిన పెద్దలు వివేకులు. న్యూఫౌండ్‌లాండ్ జాతి కుక్కలకు అమెరికాలోని ఆ జాతి సంఘము 1973 నుండి జలపరీక్షలు జరుపుచున్నది; నీటిలోని మనిషికి త్రాటికొస నందించుట, పడవను ఒడ్డునకు లాగుకొనివచ్చుట అందలి పాఠములు. స్విట్జర్లాండులో పాలబండ్లను లాగిన బర్నీజ్ కుక్కలకును, జర్మనీలోని రాట్‌వైల్ పట్టణమున మాంసవిక్రేతల పశువులను తోలి బండ్లు లాగిన రాట్‌వైలర్లకును బండి లాగు పరీక్షలున్నవి. వాసన పట్టి జాడ తీయు క్రీడకు దుముకుటతో పనియే లేదు. ముసలి కుక్కయైనను ఆడగలదు. జర్మన్ షెపర్డుల పరీక్షకై ఆ దేశమున వెలసిన షుట్జ్‌హుండ్ అను విధానములో జాడ, విధేయత, రక్షణ యని మూడు భాగములుండును. ఇందలి మూడవ భాగమును, అనగా మనిషి చేతికి కట్టిన దిండును కరచు పాఠమును, మొదటి రెండు భాగముల క్రమశిక్షణ లేకుండ డబ్బిచ్చి కుక్కకు నేర్పించుకొను శ్రీమంతులు మన యూళ్ళలోను తయారగుచున్నారు. అది ఆట గాదు, ఇంటిలో నిప్పు దాచుకొనుట.

మన దేశమున ఇవి సాగునా యను ప్రశ్న సహజము. మన శునకప్రదర్శనములలో నేటికిని పెద్దపీట రూపమునకే. కాని మన కుక్కలు పనికి పరాయివి గావు. కొల్లేటి ప్రాంతమున జోనంగి కుక్కలు బాతుల మందలను కాచిన చరిత్ర కలదు. హైదరాబాదు సమీపమున మొయినాబాదులో పోలీసు జాగిలములకు శిక్షణ నిచ్చు అకాడమీ యున్నది. అట్టిచోట్ల జీవితమును గడపి పదవీవిరమణ చేసిన శిక్షకుల నేర్పు వృథాగా పోవుచున్నది. 2018లో హైదరాబాదు కొండాపూరులో నగరపాలక సంస్థ కుక్కలకై ఒక ఉద్యానమును తెరచినది. ర్యాలీకి ఖర్చా, అట్టముక్కలపై మార్కరుతో వ్రాసిన సూచనలు, కోనులకు బదులు నాలుగు ప్లాస్టిక్ బకెట్లు. అడ్డంకి యంతయు మన యెండయే. పెద్ద దేహము వేడిని త్వరగా విడువజాలదు; కుక్కకు చెమట పట్టి చల్లబడు భాగ్యము లేదు, వగర్పే దిక్కు. కావున సూర్యోదయమునకు ముందో, కనుచీకటి పడిన పిమ్మటనో తప్ప వేసవిలో సాధన తగదు. కడుపు నిండ తిన్న వెంటనే పరుగులెత్తించుటయు తగదు. లోతైన రొమ్ము గల పెద్ద జాతులలో పొట్ట ఉబ్బి మెలిపడు వ్యాధి గంటలలో ప్రాణము దీయును.

"పిల్లలకే ఆడుకొన చోటు లేదు, కుక్కలకు మైదానములా?" యని కోపపడువారి మాటలో న్యాయమున్నది. నేనడుగునది మైదానమును కాదు. పిల్లలు నిద్రలేవకముందు, కాలనీ పార్కులో ఒక మూల, ఒక గంట, మలమును ఎత్తి శుభ్రము చేయు షరతుతో. ఆ గంటలో లీషు బిగియకుండ నడచుట నేర్చిన రాట్‌వైలరు ఏడు గంటలకు అదే పిల్లల ప్రక్కనుండి ప్రశాంతముగా పోవును. నివాససంఘములవారు పెంపుడుకుక్కలను వద్దనుటకు చట్టమును వెదకుటకంటె ఈ గంటను అనుగ్రహించుట సులభము, ఫలవంతము. పోలీసు శాఖయు, పురపాలక సంఘములును కలిసి, విశ్రాంత శిక్షకులచే వారాంతమున తరగతులు నడపించవచ్చును. రుసుము పెట్టినను ఇచ్చుటకు యజమానులు సిద్ధముగనే యున్నారు.

ఇక యజమానులకు ఒక్క మాట. మీ కుక్కకు రెండేండ్లు నిండలేదేని దుమికించకుడు; తుంటి, మోచేతి కీళ్ళను పశువైద్యునికి చూపుడు; దినమునకు అరగంట దానితో నడువుడు, అందు పదినిమిషములు పాఠము చెప్పుడు. ఆ అరగంట తీరికయైనను లేనివారు పెద్దజాతి కుక్కపిల్లను ఇంటికి తేకుండుటయే మేలు.