ఎవరో, ఎవరైనా, ఎవరూ: ఆంగ్ల పరీక్షాప్రశ్నలు, మన వ్యాకరణదృష్టి

పోటీపరీక్షల ఆంగ్లవ్యాకరణ విభాగంలో అనిశ్చయార్థక సర్వనామాలను గూర్చిన ప్రశ్న తరచు కనిపిస్తుంది. వాక్యంలో ఒక ఖాళీ విడిచి సమ్‌వన్, ఎనీవన్, నోవన్, ఎవ్రీవన్ అనే నాలుగింటిలో ఒకదానిని ఎన్నుకొమ్మంటారు. ప్రాచ్యకళాశాలల్లో చదివి ఉద్యోగార్థులైన విద్యార్థులకు ఆ ఒక్క మార్కు స్వల్పమైనది కాదు. అందువల్ల ఈ విషయం ఆంగ్లోపాధ్యాయులకే పరిమితమని మనం ఉపేక్షింపరాదు.

విధివాక్యంలో సమ్, నిషేధంలోను ప్రశ్నలోను ఎనీ అని శిక్షణపుస్తకాలు సూత్రీకరిస్తాయి. అతిథిని టీ తీసుకొంటారా అని అడిగేటప్పుడు ఆంగ్లేయుడు ప్రశ్నలోనే సమ్ వాడతాడు. ఈ పని ఎవరైనా చేయగలరని చెప్పేటప్పుడు విధివాక్యంలోనే ఎనీబడీ వాడతాడు. ఇట్టి సూత్రం నిలువజాలదని రాబిన్ లేకాఫ్ 1969లోనే లాంగ్వేజ్ పత్రికలో నిరూపించారు. వక్త మనస్సులోని అపేక్ష ఏమిటన్నదే అక్కడ నిర్ణాయకం.

ఈ భేదం తెలుగువానికి కొత్తది కాదు. తలుపు చప్పుడు విన్నవాడు 'ఎవరో ఉన్నారా?' అంటాడు; ఏమీ తెలియనివాడు 'ఎవరైనా ఉన్నారా?' అంటాడు. మొదటిదానిలో వ్యక్తి ఉన్నాడనే ఊహ ఉన్నది, రెండవదానిలో లేదు. ప్రశ్నార్థక శబ్దానికి ఓకారం చేరితే ఒక అర్థం, 'ఐనా' చేరితే మరొకటి, దీర్ఘాంతమైన ఊకారం చేరితే వేరొకటి. 'ఎవరూ వచ్చారు' అని తెలుగు పసివాడు కూడా అనడు. 'ఎవరూ' అనే పదం వ్యతిరేకక్రియనే కోరుతుంది.

సంస్కృతంలోను నిర్మాణపద్ధతి ఇదే. కిం శబ్దానికి చిత్, చన, అపి అనే అవ్యయాలు చేరి కశ్చిత్, కశ్చన, కోఽపి అనే రూపాలు ఏర్పడతాయి. చిత్, చనలకు అమరసింహుడు అసాకల్యార్థం చెప్పాడు. వేదభాషలో చన ప్రధానంగా నిషేధసందర్భంలో వచ్చేది. లౌకికసంస్కృతంలో ఆ నియమం సడలింది. 'కశ్చిత్ ఆగతః', 'న కశ్చిత్ ఆగతః' అన్నప్పుడు సర్వనామం మారలేదు, నఞర్థం మాత్రమే వచ్చి చేరింది. ప్రపంచభాషల సర్వనామాలను పరిశీలించిన మార్టిన్ హాస్పెల్‌మాత్ 1997 నాటి గ్రంథంలో ఇట్టి పదాల ప్రయోజనాలను తొమ్మిదిగా విభజించారు. ఏ ప్రయోజనాలను ఏ పదానికి అప్పగించాలన్నది ఒక్కొక్క భాషలో ఒక్కొక్క తీరు.

మన విద్యార్థి చిక్కుపడేది ఇక్కడనే. ప్రశ్నలోను, స్వేచ్ఛార్థంలోను ఎనీవన్ మన 'ఎవరైనా'కు సరిపోతుంది. నిషేధంలో అదే పదం 'ఎవరినీ' అవుతుంది. 'ఎవరూ రాలేదు' అనే వాక్యంలో నిషేధం క్రియలో ఉన్నది. దానిని పదానికి పదంగా మార్చి 'ఎనీబడీ డిడ్ నాట్ కమ్' అంటే ఆంగ్లం ఒప్పుకోదు, ఏలనన అక్కడ నిషేధం ఎనీ కంటె ముందు ఉండాలి. 'నోబడీ డిడ్ నాట్ కమ్' అంటే నిషేధద్వయం వల్ల అందరూ వచ్చారనే విపరీతార్థం కలుగుతుంది. 'నోబడీ కేమ్' అన్నదే సాధువు: నిషేధం క్రియను విడిచి సర్వనామంలోకి వచ్చింది. ఈ ఒక్కమాట చెప్పితే తీరే చిక్కుకు కంఠస్థం చేయించడం వైద్యం కాదు.

ప్రశ్నపత్రకర్తలకూ ఒక మాట చెప్పవలసి ఉన్నది. తలుపు దగ్గర ఎవరున్నారనే ప్రశ్నలో సందర్భం చెప్పకుండ సమ్‌వన్, ఎనీవన్ రెండింటినీ ఇచ్చి ఒకటే సరియైనదనడం న్యాయం కాదు. అర్థం తెలిసినవాడే అక్కడ నష్టపోతాడు. వేల పత్రాలు దిద్దేచోట ఒకే సమాధానం అవసరమన్నది నిజమే. అయితే ఆ అవసరాన్ని తీర్చడానికి ముందు ఒక చిన్న సందర్భవాక్యం చేర్చితే చాలును.

రంగారెడ్డి జిల్లా నాదర్‌గుల్‌లో ఇంజనీరింగు కళాశాల ఉన్నది. ఆ పరిసరగ్రామాల తెలుగుమాధ్యమ విద్యార్థులకు ఆంగ్లం ఇంటి భాష కాదు. బ్రౌన్ 1840లో తెలుగు వ్యాకరణం ప్రకటించినది ఆంగ్లేయులకు మన భాష నేర్పడానికి. ఎదురుదారిలో నడిచే మన పిల్లలకు తెలుగు, సంస్కృత సర్వనామాల పక్కన ఆంగ్లసర్వనామాలను నిలిపి చూపే నాలుగు పుటల పాఠం కావాలి. కశ్చిత్, కశ్చనల భేదం తెలిసిన ప్రాచ్యకళాశాలాధ్యాపకులే దానిని రచించడానికి అర్హులు.