ముందు పైకప్పు, తర్వాత శిలాఫలకం

పాలమూరు దిక్కున ఆత్మకూర్ చుట్టుపక్కల పల్లెల్లో ఒకటి చూసినప్పుడల్లా నా ఒళ్లు మండుతుంది. పాత చర్చి మందిరం పక్కనే కొత్త మందిరానికని లేపిన పిల్లర్లు ఉంటాయి. వాటి నెత్తిన ఇనుప చువ్వలు తుప్పుపట్టి వంగిపోయి ఉంటాయి. ముందు మాత్రం నల్ల గ్రానైట్ ఫలకం తళతళలాడుతుంటుంది. శంకుస్థాపన చేసిన నాయకుడి పేరు, వేదిక మీది పెద్దల పేర్లు, దాతల పేర్లు, పెద్ద మొత్తం నుంచి చిన్న మొత్తం దాకా వరుసగా. ఆ ఫలకానికి పదడుగుల దూరంలో పాత మందిరంలో ఆరాధన నడుస్తుంటుంది. వాన పడిందంటే ఆడవాళ్లు చాపలు మడుచుకుని గోడవారకు జరుగుతారు. కారే చోట ఎవరో బకెట్టు తెచ్చి పెడతారు. పాస్టర్ అయ్యగారు గొంతు పెంచి ప్రసంగం సాగిస్తారు.

ఇది పేదరికం కాదు. ఆ పిల్లర్లలో పోసిన డబ్బుతో పాత కప్పును ఎప్పుడో బాగుచేసుకోవచ్చు. డబ్బు వచ్చింది, దాన్ని కంటికి కనిపించే చోట పోశారు. కప్పు మీద పగులు పూడ్చిన మనిషి పేరు ఏ ఫలకం మీదా ఎక్కదు కాబట్టి ఆ పగులును ఎవరూ పూడ్చరు.

మందిరం అంటే కట్టడం కాదు, మనుషులే అని కొందరు అంటారు. సరే, ఆ మనుషుల నెత్తినే కదా నీళ్లు కారుతున్నది!

మన దిక్కున మందిరాలు లేచిన కథ కొంత తెలుసుకోవాలి. రష్యా నుంచి వచ్చిన మెనోనైట్ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ 1890ల నాటికే నల్లగొండలో పనిచేస్తున్నాడు. 1899లో అమెరికా మెనోనైట్ బ్రదరెన్ మిషన్ ఈ నేల మీద అడుగుపెట్టింది. తర్వాత నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి కేంద్రాలయ్యాయి. రష్యా, అమెరికాల్లోని మెనోనైట్ రైతు సంఘాల కానుకలు సముద్రం దాటి వచ్చి ఇక్కడ గోడలయ్యాయి. మెదక్‌లో వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు రోజుల్లో పనికి తిండి పెట్టి 175 అడుగుల గోపురం లేపించాడు. 1924 డిసెంబర్ 25న దాన్ని ప్రతిష్ఠించారు. నూరేళ్లు నిండిన నాడు ముఖ్యమంత్రి కూడా వచ్చాడు. మంచిదే. కానీ మెదక్ చర్చిని చూడటానికి రోజూ జనం వస్తారు. పాలమూరు పల్లెలోని చిన్న మందిరాన్ని చూడటానికి వచ్చేది ఆ వాడ కూలీలే. దాని బాగోగులు వాళ్లే చూసుకోవాలి, ఇంకెవరూ రారు.

విదేశాల నుంచి డబ్బు వస్తుందని ఇంకా ఎదురుచూసేవాళ్లకు ఒక మాట. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించారు. ఒక సంస్థకు వచ్చిన విదేశీ సొమ్మును మరో సంస్థకు బదిలీ చేయడం నిషేధం. ఆ సొమ్ము మొదట చేరాల్సింది ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు శాఖలో తెరిచిన ఖాతాకే. పెద్ద సంస్థ తీసుకుని పల్లె సంఘాలకు పంచే పాత దారి మూసుకుపోయింది. ఎంపీ నిధులు అడుగుదామంటే, ప్రార్థనా స్థలాల్లో పనులకు వాటిని వాడొద్దని నిబంధనలే చెబుతున్నాయి. అయినా ఎన్నికలొచ్చినప్పుడల్లా మన పెద్దలు నాయకుడిని పిలిచి శాలువా కప్పి కొత్త మందిరం అడుగుతారు. ఆయన సొంత జేబులోంచి ఇచ్చినా అది కానుక కాదు, వాడ ఓట్లకు కట్టిన బయానా. ఆ డబ్బు ముట్టుకోవద్దు.

మరి డబ్బు ఎక్కడిది? మన దగ్గరే ఉంది. కోత పండుగ నాడు వడ్ల బస్తా, కోడిపుంజు, గుమ్మడికాయ వేలానికి పెడితే ఎంత వస్తుందో ప్రతి సంఘానికీ తెలుసు. అన్నం వండేముందు పిడికెడు బియ్యం తీసి దేవుడి పేర కుండలో వేసే తల్లులు తెలుగు సంఘాల్లో ఎన్ని తరాలుగా ఉన్నారు! లోటు ఇచ్చే చేతిలో లేదు, లెక్క చెప్పే నోట్లో ఉంది. పోయిన కోత పండుగ వేలం డబ్బు ఏమైందని అడిగితే చాలు, అడిగినవాడికి విశ్వాసం తక్కువని పేరు పెడతారు. "దేవుడి సొమ్ముకు లెక్కలేంది?" అంటారు. దేవుడి సొమ్ముకే లెక్క కావాలి, పెద్దల్లారా!

బైబిల్లో రెండవ రాజుల గ్రంథం పన్నెండో అధ్యాయం తెరవండి. యోవాషు రాజు మందిరం బాగుచేయమని యాజకులకు చెప్పాడు. వాళ్లు ప్రజల దగ్గర రూకలు తీసుకుంటూనే ఉన్నారు. రాజు ఏలుబడిలో ఇరవై మూడో ఏడు వచ్చినా శిథిలమైన చోటు శిథిలంగానే ఉంది. రాజు ఊరుకోలేదు, నిలదీశాడు. ఇకమీద రూకలు మీ చేతికి వద్దన్నాడు. యాజకుడు యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు రంధ్రం చేసి, బలిపీఠం పక్కన పెట్టాడు. పెట్టె నిండితే రాజు లేఖికుడు, ప్రధాన యాజకుడు ఇద్దరూ కలిసి లెక్కపెట్టి సంచుల్లో కట్టేవారు. ఆ రూకలు పని చేయించేవాళ్ల చేతుల మీదుగా వడ్రంగులకు, తాపీ పనివాళ్లకు, రాళ్లకు, మానులకు పోయేవి. వెండి గిన్నెలకూ బూరలకూ పోలేదని ఆ అధ్యాయమే చెబుతుంది. ముందు గోడ, తర్వాతే అలంకారం. ఇంత స్పష్టంగా రాసి ఉన్న అధ్యాయం మీద ప్రసంగం చేసే అయ్యగారు నాకు ఇంతవరకు తారసపడలేదు. హగ్గయి గ్రంథం మీద మాత్రం చేస్తారు. మీరు సరంబీ వేసిన ఇళ్లలో ఉంటే దేవుడి మందిరం పాడైపోవాలా అని అడుగుతారు. ఎవరిని? సొంత ఇంటి రేకులు గాలికి లేచిపోతే రాళ్లు ఎత్తి పెట్టుకున్న కూలీని! ఆ కూలీ ఇచ్చే వంద రూపాయలను మైకులో చదివి, పక్కవాడు ఐదు వేలిచ్చాడని వెంటనే ప్రకటించడం దోపిడీ. విధవరాలి రెండు కాసులను యేసు చూశాడు గానీ ఆమె పేరు మైకులో పిలిపించలేదు.

పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి డ్యాములు కట్టారు, కాలువలు తవ్వారు. రాయి, ఇసుక, సున్నం వాళ్ల చేతులకు తెలిసినంతగా ఏ కమిటీకీ తెలియదు. అయినా మందిరం మరమ్మతు అనేసరికి పట్నం కాంట్రాక్టర్‌ను పిలుస్తారు. అతను వచ్చి డంగు సున్నంతో కట్టిన పాత గోడ మీద సిమెంటు పూత పూస్తాడు. సున్నం గోడ పీల్చుకున్న తేమను బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. తేమ లోపలే నిలిచి రాతి సందుల్లోని సున్నాన్ని పిండి చేస్తుంది. కొంతకాలానికి పూత బుడగలెత్తి పెచ్చులూడుతుంది. అప్పుడు గోడ పాతబడింది కాబట్టి కూల్చేసి కొత్తది కడదామంటారు. గోడ పాతబడి పాడవలేదు, వీళ్లు పూసిన పూతతో పాడయింది. సున్నానికి సున్నమే పూయాలి. వాన నీళ్లు గోడ మొదట్లో నిలవకుండా చిన్న కాలువ తీయాలి. గోడ సందుల్లో మొలిచిన రావి మొక్కను వేరుతో సహా తీయాలి. ఈ పనులకు కోట్లు అక్కర్లేదు. ఏటా వానలకు ముందు కొన్ని రోజుల కూలి, కొంత సున్నం చాలు.

భవన నిధికి వేరే పుస్తకం పెట్టండి. దాన్ని ముగ్గురు చూడాలి, అందులో ఒకరు ఆడమనిషి అయి తీరాలి, ముగ్గురిలో ఎవరూ అయ్యగారి చుట్టం కాకూడదు. కానుక లెక్కపెట్టేటప్పుడు తలుపు తెరిచే ఉండాలి. మేస్త్రీకి ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు ఉండాలి. దాతల పేర్లు గోడకు ఎక్కొద్దు, నెలనెలా జమా ఖర్చులు ఎక్కాలి.

చెల్లెమ్మలారా, తమ్ముల్లారా, వచ్చే ఆదివారం ఆశీర్వాదం అయిపోయాక వెంటనే ఇంటికి పోకండి. లేచి నిలబడి అడగండి: పోయినేడు మందిరం పేర ఎంత వచ్చింది, ఎక్కడ పోయింది, కప్పు ఎప్పుడు బాగవుతుంది? జవాబు కాగితం మీద రాసి తలుపుకు అంటించేదాకా ఆ పిల్లర్లకు ఒక్క సిమెంటు సంచి కూడా ఇవ్వకండి.