ఇంటి మీద స్టార్, సర్టిఫికెట్‌లో హిందూ

డిసెంబర్ వచ్చిందంటే పండుగ రోజుల్లో మనసు ఎలా చూసుకోవాలో చెప్పే వీడియోలు మొదలవుతాయి. ఫోన్ పక్కన పెట్టండి, ఖర్చు తగ్గించండి, ధ్యానం చేయండి. మంచిదే. కానీ జిన్నారం, బొల్లారం, గడ్డపోతారం చుట్టుపక్కల మన మాల, మాదిగ వాడల పిల్లల దిగులు వేరు. "సార్, చర్చి ఫొటో స్టేటస్ పెడితే స్కాలర్‌షిప్ పోతదా?" అని అడిగే విద్యార్థికి ధ్యానం ఏం జవాబు చెప్తుంది?

ఈ భయాన్ని పుట్టించింది 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు, మూడో పేరా. హిందువు కాకుంటే ఎస్సీ కాదంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ దళితుడు మాత్రం ఇక్కడ బీసీ-సీ, ఒక్క శాతం. ఊళ్లో కులం మారదు, కాగితం మీద మారుతుంది. సర్కారేమో ఎల్బీ స్టేడియంలో క్రిస్మస్ విందు ఇస్తుంది!

అయితే భయపడేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. క్లినిక్ గోడ మీద శిలువ కనిపించిందని ఒక డాక్టరమ్మ ఎస్సీ సర్టిఫికెట్ రద్దు చేస్తే, 2021లో మద్రాసు హైకోర్టు ఆ రద్దును కొట్టేసింది. చర్చికి పోయినంత మాత్రాన పుట్టిన మతం వదిలేసినట్టు కాదంది. బాప్తిస్మం తీసుకున్నవాళ్ల సంగతి వేరు. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు సెల్వరాణి కేసులో, రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనంది.

మన ఇళ్లు ఈ గడుల్లో ఇమడవు. ఆషాఢంలో బోనం ఎత్తిన అమ్మే డిసెంబర్ 24 రాత్రి ఆరాధనకు పోతుంది. క్రైస్తవ ఇంట పుట్టిన జాషువా గబ్బిలం చేత కాశీలోని శివుడికి కబురు పంపాడు. ఆయనకు సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చింది 'క్రీస్తు చరిత్ర'. క్లాసుల్లో మాత్రం మొదటిదే చెప్తాం.

భయం ఒకెత్తు, దాచుకోవడం ఇంకొకెత్తు. స్నేహితుల ముందు కూడా ఆచితూచి మాట్లాడుతూ నెలంతా గడిపితే మనిషి అలసిపోతాడు. దాన్ని 'మూడ్ బాలేదు' అనుకుని మిమ్మల్ని మీరే తప్పుపట్టుకోకండి. ఏదీ దాచక్కర్లేని మనిషిని ఒక్కరినైనా వెతుక్కోండి. నిద్ర పట్టకపోతే, బతకాలనిపించకపోతే టెలి-మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఉద్యమ మిత్రులకూ ఒక మాట. 'హల్లెలూయా బ్యాచ్' అని మన సభల్లోనే నవ్వుతాం చూడండి, ఆ పిల్లలు దాచుకునేది మన దగ్గర కూడా. బౌద్ధం గురించి వాదిద్దాం, జనవరిలో. 25న నాన్నకు ఫ్యాక్టరీలో బి షిఫ్ట్ పడి, ఊరికి పోలేక హాస్టల్‌లో మిగిలినవాళ్లు ఉంటారు. వెళ్లి తలుపు కొట్టండి. కేక్ లేకున్నా ఇంత బగారన్నం పట్టుకుపోండి.

జై భీమ్.