మూడు వేల రూపాయల సముద్రము



సముద్రము చూడని వారు మా పిట్లం ప్రాంతములో ఎందరున్నారో మీరెప్పుడైనా లెక్కించారా? మేము లెక్కించాము. వాలు కుర్చీలో కూర్చుండి వేసిన లెక్క కాదిది. నిరుడు ఒక ఆదివారం కూడిక అయిన తరువాత చేతులెత్తమని అడిగాము. దుబాయి, మస్కట్ వెళ్ళివచ్చిన నలుగురైదుగురు మగవారు తప్ప మిగిలిన వారందరికీ పెద్ద నీళ్ళంటే నిజాంసాగరే. 1931లో కట్టడం పూర్తయిన ఆ ప్రాజెక్టు గేట్లు ఎత్తినప్పుడు బండ్లు కట్టుకొని పోయి చూచి వచ్చిన జ్ఞాపకమే మా పెద్దలకు సముద్రము. ఆ మంజీరా నీళ్ళే గోదావరిలో కలసి బంగాళాఖాతమునకు చేరుతాయని చెబితే ఒక పిల్లవాడు, "అయితే మన నీళ్ళు చూసొద్దాం అయ్యగారూ" అన్నాడు. ఆ మాట పట్టుకొని విశాఖపట్నం ప్రయాణము పెట్టుకున్నాము.

ఈ నెల ఆ ప్రయాణపు ఖర్చు గూర్చి వ్రాయాలని కూర్చున్నాము. చూచిన వింతలు వ్రాయవలసినవి చాలా ఉన్నవి గాని, లెక్కలో మేము చేసిన తప్పులు చెప్పకుండా వింతలు మాత్రమే చెప్పడం మాకు సిగ్గుగా ఉన్నది.

ఆరు కుటుంబములు, పెద్దలు పద్నాలుగు మంది, పిల్లలు ఏడుగురు. పెద్దలకు తలకు 3,000, పిల్లలకు 1,500 చొప్పున నిర్ణయించాము. మొత్తము 52,500 రూపాయలు పోగైనవి. ఈ మూడు వేలు అనే అంకె ఎక్కడి నుండి వచ్చినదని ఎవరూ అడుగలేదు. అయ్యగారు చెప్పారు గనుక సరే అన్నారు. అడిగి ఉంటే బాగుండేది.

మొదటి తప్పు రైలు టిక్కెట్ల దగ్గర. ఇప్పుడు రైల్వేవారు ప్రయాణమునకు అరవై దినములు ముందుగా మాత్రమే రిజర్వేషను ఇస్తున్నారు. 2024 నవంబరు ఒకటి వరకు నూట ఇరవై దినములుండేది. ఈ సంగతి మాకు తెలుసు, అరవయ్యవ దినముననే బాన్సువాడలో టిక్కెట్లు తీయించాము. గోదావరి ఎక్స్‌ప్రెస్సులో స్లీపరు బెర్తు నాలుగు వందల పైచిలుకు. 1974లో మొదలైన బండి అది, సాయంత్రం ఎక్కితే తెల్లవారేసరికి విశాఖలో దింపుతుంది, ఒక రాత్రి లాడ్జి అద్దె మిగులుతుంది. అయితే పిల్లలకు సగము టిక్కెట్టేనని మేము పాత లెక్క వేసుకున్నాము. 2016 ఏప్రిల్ నుండి ఐదేండ్లు మొదలు పన్నెండేండ్లలోపు పిల్లలకు బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ ఇవ్వవలసిందే. బెర్తు వద్దనుకుంటేనే సగము. ఏడుగురు పిల్లలకూ బెర్తులు తీయించినందున రానుపోను మూడు వేలు ఎక్కువైనవి. ముసలివారికిచ్చే రాయితీ కూడ 2020 మార్చిలో తీసివేశారు, మళ్ళీ ఇవ్వలేదు. అరవై దాటిన వారు ముగ్గురున్నారని మేము వేసుకున్న ధీమా అలా పోయినది.

పిట్లం నుండి సికింద్రాబాదు వరకు మాత్రము ఆడవారికి పైసా ఖర్చు కాలేదు. 2023 డిసెంబరు నుండి మన రాష్ట్రములో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవారికి టిక్కెట్టు లేదు గదా. లగ్జరీ బస్సు ఎక్కుదామని ఇద్దరు మగవారు అన్నారు గాని, ఎక్స్‌ప్రెస్సుకే పట్టుబట్టిన మా అమ్మగారికి ఈ విషయములో మేము రుణపడి ఉన్నాము.

ఇక లాడ్జి. ఇక్కడ మా బుద్ధి ఎక్కడికి పోయినదో తెలియదు. బీచికి దగ్గరలో గది 1,400 అన్నారు. ఊరి అవతల, గాజువాక దాటిన తరువాత ఒక లాడ్జిలో వెయ్యికే ఇస్తామన్నారు. ఆరు గదులు, రెండు రాత్రులు, 4,800 మిగిలినవని సంతోషించి ఫోనులోనే అడ్వాన్సు పంపాము. రైలు దిగి ఆరు గంటలకు అక్కడికి చేరేసరికి, "గది పన్నెండింటి నుండి లెక్క, ఇప్పుడు కావాలంటే సగం రోజు అద్దె ఇవ్వండి" అన్నారు. పసిపిల్లలు, సంచులు, నిద్రలేని కండ్లు. ఏమి బేరమాడతాము? మూడు వేలు చెల్లించాము. రైల్వే స్టేషను చుట్టుప్రక్కల ఇరవైనాలుగు గంటల లెక్కన గదులిచ్చే లాడ్జీలు చాలా ఉన్నవని, తెల్లవారుజామున దిగేవారికి అవే మేలని తరువాత ఒక ఆటో అతను చెప్పాడు. స్టేషను నుండి లాడ్జికి, లాడ్జి నుండి బీచికి, మళ్ళీ వెనుకకు, చివరి రోజు సంచులతో స్టేషనుకు, నాలుగేసి ఆటోలు, ఒక్కొక్కటి నాలుగు వందలు. వెరసి 6,400. మిగిల్చినామనుకున్న 4,800 ఇక్కడే మునిగినది. గది అద్దె మీద పన్ను మాత్రము 2025 సెప్టెంబరు 22 నుండి ఐదు శాతమునకు తగ్గినది, అంతకు ముందు పన్నెండు ఉండేది. రసీదు అడిగి చూచుకోండి.

రెండవ రోజు సిటీ బస్సు సంగతి తెలిసినది. భీమిలి వెళ్ళే బస్సులో మా ఆడవారందరూ వరుసగా ఆధారు కార్డులు తీసి చూపారు. కండక్టరమ్మ నవ్వి, "మాకూ 2025 ఆగస్టు నుండి ఉందమ్మా, కాని మా రాష్ట్రం వారికే" అన్నది. టిక్కెట్టు కొనక తప్పలేదు, అయినా ఆటోతో పోల్చితే అదెంత! ఒక ప్రక్క కొండలు, ఒక ప్రక్క సముద్రము, కిటికీ దగ్గర కూర్చున్న వారు దిగేదాకా మాట్లాడలేదు. భీమిలిలో డచ్చివారి పాత సమాధులు చూచాము. దూరదేశము నుండి వర్తకమునకు వచ్చి ఇక్కడే మట్టిలో కలసినవారు.

జలాంతర్గామి కుర్సురా గూర్చి రెండు మాటలు చెప్పాలి. పిల్లలతో వెళ్ళేవారు దీనిని విడువవద్దు. 1969 డిసెంబరులో మన నౌకాదళములో చేరి, 2001 వరకు పనిచేసి, 2002లో బీచి ఒడ్డున ప్రదర్శనశాల అయినది. తొంభై మీటర్ల పైన పొడవు, లోపల మాత్రము ఇద్దరు ఎదురెదురుగా నడువలేరు. ఇంత ఇరుకులో నెలల తరబడి మనుష్యులు ఎట్లా నిద్రించారు, ఎట్లా వండుకున్నారని పిల్లలు అడిగిన ప్రశ్నలకు అక్కడివారు ఓపికగా జవాబు చెప్పారు. దానికి పెట్టిన టిక్కెట్టు డబ్బు మా ఖర్చులన్నిటిలో నిండుగా ఫలించినది. ఇదే ఊరికి 1805లో క్రాన్, డెగ్రాంజెస్ అనే ఇద్దరు మిషనరీలు వచ్చి, తెలుగు నేర్చుకొని, సువార్తల అనువాదము మొదలుపెట్టారని, ఐదేండ్లు నిండేసరికి ఇద్దరూ మరణించారని ఒడ్డున కూర్చుండి చెప్పాము. పెద్దలు విన్నారు, పిల్లలు వినలేదు, అలల దగ్గర ఉన్నారు. వారిని తప్పుపట్టలేము.

మా గుంపులో గల్ఫు నుండి తిరిగివచ్చిన ఒక సహోదరుడున్నాడు. పదకొండేండ్లు దుబాయిలో ఇనుము కట్టే పని చేశాడు. "అయ్యగారూ, సముద్రం కనబడే బిల్డింగులే కట్టిన. ఒక్కనాడు ఇసుకల కూసోలే" అన్నాడు. ఆ సాయంత్రం భార్యాపిల్లలతో చీకటిపడేదాకా కూర్చున్నాడు. లేపడానికి మాకు మనసొప్పలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మాతో బీడీలు చుట్టే ఒక అవ్వ వచ్చినది. భర్త లేడు, కొడుకు వేరు. ఆ మూడు వేలు చిట్టీ పాడి తెచ్చినదని మాకు తరువాత తెలిసినది. ఆమెకు రూపాయల లెక్క రాదు, బీడీల లెక్కే. బీచిలో వేయించిన చేప ప్లేటు 250 అని చెప్పగా, "గీ ముక్కకు వెయ్యి బీడీల కూలా!" అని వెనుకకు జరిగినది. అందరము నవ్వాము. అక్కడ బండ్ల మీద ధర అడుగకుండా తినవద్దని మీకు కూడ చెబుతున్నాము, తూకమెంత, ముక్కకెంత అని ముందే తేల్చుకోవాలి.

రెండవ రోజు మధ్యాహ్నం భోజనమునకు అవ్వ రాలేదు. ఉపవాసమున్నానన్నది. మేము సంతోషించాము. అంతటితో ఆగక పిల్లలకు ఆమెను మాదిరిగా కూడ చూపాము. రాత్రికి కూడ తినలేదు. అప్పుడొక చిన్నపిల్ల అమ్మగారి చెవిలో చెప్పినది: "అవ్వకు ఉపవాసం లేదు. పైసలు తక్కువ పడ్డయని నిన్న రాత్రి అయ్యగారు అంటుంటే ఇన్నది."

చేతిలో ఉంచుకున్నదంతా పోగా 5,100 తక్కువ పడిన మాట నిజము. మొదటి రాత్రి లాడ్జి వరండాలో మేము, అమ్మగారు ఆ లెక్కే మాట్లాడుకున్నాము. మెల్లగానే మాట్లాడినామనుకున్నాము. మా తప్పుడు లెక్కను ఆ అవ్వ తన కడుపుతో పూడ్చుతున్నది, మేము దానిని భక్తి అని మెచ్చుకుంటున్నాము. ఆ రాత్రి అమ్మగారు పళ్ళెము తీసుకొని ఆమె గదికి వెళ్ళారు. మేము వాకిట నిలిచాము. లోపలికి పోయి ముఖము చూపలేకపోయాము. తెల్లవారి అందరినీ కూర్చోబెట్టి ఖర్చు చదివి వినిపించి, తక్కువ పడినది మా జీతము నుండి రెండు నెలలలో చెల్లిస్తామని చెప్పాము. గల్ఫు సహోదరుడు సగము తానిస్తానన్నాడు. వద్దన్నాము. తప్పు లెక్క మాది.

ఇంకొకటి చెప్పాలి. ఆరు కుటుంబములు వచ్చాయన్నాము గాని, ఏడవది రాలేదు. ట్రాక్టరు నడిపే సహోదరునికి ముగ్గురు పిల్లలు. మేము చెప్పిన ప్రకారము వారికి 10,500 అవుతుంది. "పొలం పనులున్నయి అయ్యగారూ" అన్నాడు. జనవరి నెలాఖరున అతనికేమి పనులున్నవో విచారించకుండా సరే అన్నాము.

తిరిగివచ్చిన వారమే ఖర్చుల కాగితము గుడి తలుపు మీద అంటించాము. ఈసారి తేదీ కంటె ముందు లెక్క నిర్ణయిస్తాము. నెలకు ఇంత అని పద్దెనిమిది నెలలు కూడబెట్టడం, పిల్లలకు ఇద్దరికొక బెర్తు, స్టేషను దగ్గర గదులు, మొదటి రోజు నుండి సిటీ బస్సు, మధ్యాహ్నం పులిహోర ఇక్కడి నుండే. ఇట్లా వేస్తే తలకు 2,200 దాటదని తేలినది. మీ సంఘములలో ఎవరైన ఇంతకంటె చౌకగా, ఎవరినీ విడువకుండా వెళ్ళివచ్చిన యెడల మాకు వ్రాయండి.

అవ్వ ఒక నీళ్ళ సీసాలో సముద్రపు నీరు పట్టి తెచ్చినది. ట్రాక్టరు సహోదరుని పిల్లలు ముగ్గురూ వేళ్ళు ముంచి నాకి ముఖాలు చిట్లించారు. తలుపు మీది కాగితము ఆమె చదువలేదు గనుక మాచేత చదివించుకొని, "నెలకెంత పడుతది అయ్యగారూ, ఇప్పుడే చెప్పుండ్రి, సోమవారం నుంచి ఇంకో కట్ట ఎక్కువ చుడుత" అన్నది.