తీతువు ఎందుకు అరిచింది?



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక, చాపలు చుడుతున్న సమయంలో మన పెద్దల్లో ఒకరు నన్ను పక్కకు పిలిచారు. "అయ్యగారూ, ఏమీ అనుకోకపోతే ఒక మాట. ఈమధ్య మీ స్టేటస్ తెరిస్తే పువ్వులు, పిట్టలు, పురుగులే కనిపిస్తున్నాయి. ఇదివరకు పొద్దున్నే వాక్యం పెట్టేవారు. మీ పాస్టరుగారు ఫోటో స్టూడియో ఏమైనా పెట్టారా అని మా అల్లుడు అడిగాడు" అన్నారు. నవ్వుతూనే అన్నారు గాని, ఆ నవ్వు వెనక కొంచెం బాధ ఉందని తెలుస్తూనే ఉంది. అప్పటికి ఏదో సర్దిచెప్పి పంపించాను. ఇంటికొచ్చి భోజనానికి కూర్చుంటే ఆ జవాబు నాకే నచ్చలేదు. అందుకని ఈ వారం ఆ సంగతే రాస్తున్నాను.

ముందు ఒకటి చెప్పాలి. నేను ఫోటోల కోసం పనిగట్టుకుని ఎక్కడికీ వెళ్లను. అడవులకూ అభయారణ్యాలకూ పోయే స్తోమత నాకు లేదు, అంత పెద్ద కెమెరా అంతకన్నా లేదు. మూడు ఊళ్లలో కూడికలు, మధ్యలో గృహ దర్శనాలు. బండిమీద చెరువు గట్టెంబడి పోతుంటే ఏదో ఒకటి కనబడుతుంది. రెండు నిమిషాలు ఆగుతాను. జేబులో ఉన్న మామూలు ఫోనుతోనే తీస్తాను. అంతే.

ఆ రెండు నిమిషాల్లో ఏం దొరుకుతుందో వినండి. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె వస్తుంది. తొలి వానలకు నేల మెత్తబడగానే మఖ్మలు గుడ్డతో కుట్టినట్టు ఎర్రెర్రగా ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. చిన్నప్పుడు వాటిని అగ్గిపెట్టెలో దాచుకోని వాళ్లు మనలో ఎవరున్నారు? నేనూ దాచాను. తెల్లారి చూస్తే కదిలేవి కావు. ఈ మధ్య ఒకదాన్ని నేలమీదే ఉంచి ఫోటో తీసి, ఇంటికొచ్చి పెద్దది చేసి చూశాను. ఎనిమిది కాళ్లు! పురుగైతే ఆరే ఉండాలి. తీరా తెలుసుకుంటే అది సాలీడుకు చుట్టం అవుతుందట. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోనే ఉండి, వాన పడ్డ కొద్దిరోజులే పైకి వస్తుంది. చిన్నప్పటినుంచీ చూస్తున్న జీవికి ఎన్ని కాళ్లున్నాయో ఈ వయసులో లెక్కపెట్టుకున్నాను.

గడ్డిచామంతి కూడా అలాగే. మందిరం ప్రహరీ పక్కనే మొలుస్తుంది, దెబ్బ తగిలితే ఆకు నలిపి పెట్టుకుంటాం కాబట్టి గాయపాకు అంటాం. దాని సొంత దేశం అమెరికా ఖండమట, ఎప్పుడో ఇక్కడికొచ్చి మన ఊరిదైపోయింది. దగ్గరగా తీసిన ఫోటోలో చూస్తే, మనం ఒక పువ్వు అనుకునేది ఒక పువ్వు కాదు. నడిమి పసుపు భాగంలో ఒక్కొక్కటీ ఒక పువ్వే. బొత్తాం అంత చోటులో అన్ని పువ్వులు.

ఇక గిజిగాడి సంగతి చెప్పకుండా ఉండలేను. కొత్తపేట దారిలో నేలబావి మీదికి వంగిన ఈతచెట్టు మీలో చాలామందికి తెలుసు. వానాకాలంలో దానికి గూళ్లు వేలాడతాయి. నేసేది మగపిట్ట. వరి ఆకునో తాటాకునో ముక్కుతో సన్నగా చీల్చుకొచ్చి ముడులు వేస్తుంది. గూడు సగం అయ్యేసరికి శిరస్త్రాణం బోర్లించినట్టు ఉంటుంది. అప్పుడు ఆడపిట్ట వచ్చి లోపలా బయటా చూస్తుంది. నచ్చితే మగపిట్ట కింది గొట్టం కూడా నేసి పూర్తి చేస్తుంది. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే వేలాడుతూ ఉండిపోతుంది. మనం కింద నిలబడి చూసే మొండి గూళ్లు చాలావరకు అవే. లోపల మట్టి ముద్దలు అంటిస్తుంది, అది నిజం. మిణుగురులను అంటించి దీపం పెట్టుకుంటుందని మా నాయనమ్మ చెప్పేది, ఆ కథ మాత్రం ఎవరూ రుజువు చేయలేదు. చెట్టు ఎదురుగా గట్టుమీద కూర్చుంటే అది మన ఊసే పట్టించుకోదు, దాని పని దానిది. ఒక సాయంత్రం నేను అరగంట ఆలస్యంగా కూడికకు వచ్చానే, కారణం ఇదే. క్షమించండి.

ఇదంతా పనిలేని పని అంటారా? మత్తయి సువార్త ఆరో అధ్యాయం మనలో చాలామందికి కంఠతా వచ్చు. తిండికీ బట్టకూ బెంగపడుతున్న జనానికి ప్రభువు చూపించింది ఆకాశంలో తిరిగే పక్షుల్నీ పొలంలో పూసే పూలనీ. చూడమన్నాడు, అవి ఎలా ఎదుగుతున్నాయో ఆలోచించమన్నాడు. ఆ మాట మీద నేనే కనీసం పాతిక ప్రసంగాలు చేసి ఉంటాను. పాతిక ప్రసంగాల్లోనూ పువ్వు అనే మాట ఉంది గాని, ఒక్కదానిలోనూ నేను చూసిన పువ్వు లేదు. సృష్టిని చూస్తూ కూర్చుంటే సృష్టికర్తను మరిచిపోతామని భయపడేవాళ్లు కొందరున్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కాని మన ఊళ్లో నేను చూసిన మరుపు అలాంటిది కాదు. మనం రెంటినీ మరిచిపోయి ఫోనులోకి చూస్తున్నాం.

ఫోను వల్లే ఒక మేలు కూడా జరిగింది. మంచం పట్టిన ఒక మామ్మగారి దగ్గరికి నెలకు రెండుసార్లు ప్రార్థనకు వెళ్తుంటాను. జీవితమంతా నాట్లలోనూ కలుపులోనూ గడిచిన మనిషి, రెండేళ్లుగా గోడ తప్ప ఏమీ చూడలేదు. ఒకరోజు ఊరికే నా ఫోటోలు చూపించాను.

"ఇదేం పువ్వు మామ్మగారూ?"

"పువ్వేంటి బాబూ, గుంటగలగర. గట్లమీద పీకలేక చచ్చేవాళ్లం. రసం తీసి నూనెలో కాచి నా కూతుళ్ల తలలకు రాసేదాన్ని."

"మరి ఈ పసుపుది?"

"పల్లేరు. కాల్లో గుచ్చుకుంటే తెలుస్తుంది దాని అందం."

అంతగా నవ్వి ఎన్నాళ్లయిందో. ఇప్పుడు నేను వెళ్లగానే "ఫోటోలేవి?" అని అడుగుతుంది, ప్రార్థన తర్వాతే. ఆ మంచం పక్కన నేను నేర్చుకున్న పేర్లు ఇరవై దాటాయి. ఆమె వెళ్లిపోతే ఆ పేర్లు ఎవరు చెబుతారు? మన సండే స్కూలు పిల్లల్ని గట్టుమీద నిలబెట్టి అడిగాను, మందారం, గులాబీ, బంతి దాటి ముందుకు పోలేకపోయారు. జీవులకు పేర్లు పెట్టే పని దేవుడు మొదటి మనిషికి అప్పగించాడని వాళ్లకు చెప్పింది మాత్రం మనమే.

ఇంతవరకు నా పక్షాన వాదించుకున్నాను. ఇప్పుడు నా తప్పు చెప్పాలి. నిజానికి ఈ వ్యాసం రాయడానికి అదే ఎక్కువ కారణం.

రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో, చెరువు వెనక ఇళ్లస్థలాలకు రాళ్లు పాతిన ఖాళీ నేలలో ఒక తీతువు పిట్ట నన్ను చూసి అరుపు మొదలుపెట్టింది. కంటి ముందు ఎర్రటి తోలు, పసుపు కాళ్లు, నల్ల రొమ్ము, మీకందరికీ తెలిసిన పిట్టే. అంత అరుస్తోందంటే దగ్గరలో గుడ్లున్నాయని వెతికాను. ఈ పిట్ట గూడు కట్టదు. గులకరాళ్ల మధ్య చిన్న గుంటలోనే పెడుతుంది. నాలుగు గుడ్లు, రాళ్లలో రాళ్లలా కలిసిపోయి ఉన్నాయి. కనిపెట్టినందుకు ఎంత పొంగిపోయానో! కూర్చుని, వంగి, నా నీడ గుడ్లమీద పడేంత దగ్గరికి వెళ్లి పావుగంట ఫోటోలు తీశాను. రెండు పిట్టలూ నెత్తిమీద తిరుగుతూ గొంతు పగిలేలా అరుస్తున్నాయి. రెక్కలు విప్పిన ఫోటో బాగా వస్తోందని సంతోషపడ్డాను. ఇంటికొచ్చి సంఘం గ్రూపులో పెట్టాను. దేవుడు పక్షులను ఎలా కాపాడుతున్నాడో చూడండని కింద రాశాను కూడా. ఎక్కడ అని ఎవరో అడిగితే చెరువు వెనక ప్లాట్లలో అని చెప్పాను. ఎంతమంది చూశారో రాత్రి పడుకునేముందు రెండుసార్లు లెక్క చూసుకున్నాను.

మరునాడు మన కుర్రాళ్లు బండ్లమీద వెళ్లారట, వాళ్లూ ఫోటోలు తీసుకున్నారు. మూడోరోజు నేను పోయి చూస్తే గుంట ఖాళీ. కుక్కో, కాకో, మనిషో. ఎవరైనా సరే, దారి చూపించింది నేనే.

తర్వాత ఆ పిట్ట గురించి చదివితే ఇంకా సిగ్గేసింది. ఎండ ముదిరినప్పుడు గుడ్లు ఉడికిపోకుండా ఆ తల్లిదండ్రులు నీళ్లలో పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్లమీద కూర్చుంటాయట. అలా దాదాపు నెల రోజులు పొదగాలి. ఆ మండుటెండలో పావుగంట వాటిని ఆ పని చేయనివ్వకుండా అడ్డు కూర్చున్నది వాళ్ల పాస్టరుగారు.

తీతువు అరిస్తే చావు కబురు వస్తుందని మన ఇళ్లలో ఇప్పటికీ అనుకుంటారు. రాత్రిపూట అరిస్తే దీపం వేసి, దాన్ని తిట్టి పడుకునేవాళ్లు మన సంఘంలోనూ ఉన్నారు. ఆ పిట్ట మనకు చావు కబురు మోసుకురాదు బిడ్డలారా. దాని గుడ్ల దగ్గరికో పిల్లల దగ్గరికో ఎవరో వచ్చారని అరుస్తుంది. ఆ రోజు దానికి ఎదురైన అపశకునం నేను.

అప్పటినుంచి నాకు ఒకటే కొలత. నన్ను చూసి ఆ ప్రాణి చేస్తున్న పని ఆపిందంటే, నేను ఉండాల్సినదానికన్నా దగ్గరికి వచ్చేశాను. వెనక్కి రావాలి, ఫోటో పోతే పోనీ. గూటికి అడ్డంగా ఉందని కొమ్మ వంచకూడదు, ఆకు తెంపకూడదు. ఎగురుతుంటే తీద్దామని కొంగల గుంపుమీద రాయి విసరడం మన కుర్రాళ్లలో చూశాను, మానేయండి. గూడు ఎక్కడుందో గ్రూపుల్లో పెట్టకండి, నెమలి గుడ్ల సంగతి అసలే వద్దు. పాము కనబడితే దూరం నుంచి ఒక్క ఫోటో చాలు. అది జెర్రిపోతని తేలితే చంపే పని తప్పుతుంది, మన ధాన్యం తినే ఎలుకల పని అదే చూసుకుంటుంది. పువ్వుకైతే ఇన్ని కట్టుబాట్లు అక్కర్లేదు. వంగండి, పొద్దుటి ఎండ మీ వీపు వైపు ఉండేలా చూసుకోండి, తీసుకోండి. కోయకుండా వచ్చేయండి.

మన రాష్ట్రంలోనే జరిగిన ఒక సంగతి నా మనసులో మెదులుతుంటుంది. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, ఇక లేదనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతంలో మళ్లీ దొరికింది. దొరకబుచ్చుకున్నది పెద్ద చదువులవాళ్లు కాదు, ఆ చుట్టుపక్కల తిరిగే ఒక వేటగాడు. రాత్రిపూట లైటు వెలుగులో పట్టుకున్నాడు. అది ప్రాణాలతో ఎక్కువ రోజులు ఉండలేదు. ఆయన్ని తప్పుపట్టలేం, ఆయన వల్లే లోకానికి తెలిసింది. ఆ తర్వాత అక్కడ అభయారణ్యం వచ్చింది, ఆ పిట్ట కోసం తెలుగుగంగ కాలవ దారి కూడా మార్చారు. వెనకటి సంవత్సరాల్లో దాన్ని వెదికినవాళ్లు నేలమీద మెత్తటి మట్టి పరిచి అడుగుజాడలు చూశారు, మనిషి లేకుండా వాటంతటవే ఫోటో తీసే కెమెరాలు పెట్టారు. పట్టుకోవడం నుంచి ముట్టుకోకుండా చూడడం దాకా వచ్చారు. నేనైతే ఆ దారి నాలుగు గుడ్లు పోయాక గాని నేర్చుకోలేదు.

కూలికి పోయేవాళ్లకు పూలు చూసే తీరికెక్కడిది అయ్యగారూ, అని మీలో ఒకరైనా ఇప్పటికి అనుకుని ఉంటారు. న్యాయమైన మాటే. కాని నాకు గుడ్లగూబ తొర్రను చూపించింది తెల్లారగట్ల నాట్లకు పోయే ఆడవాళ్లు. ఏ చేలో కౌజులు తిరుగుతున్నాయో వాళ్లకే తెలుసు. చూసే కళ్లు వాళ్లకున్నాయి. వాళ్లు చెప్పేది వినే తీరిక మనకు లేదు, వాళ్లు చూసినదాన్ని గొప్ప సంగతిగా మనం ఎన్నడూ ఎంచలేదు.

ఈ ఏడు తీతువులు మళ్లీ వచ్చాయి. ప్లాట్లలో కాదు, ఇంకో చోట. ఎక్కడో చెప్పను. రోడ్డుమీదే బండి ఆపి, దిగకుండా చూసి వస్తున్నాను. ఒకటి కూర్చుని ఉంటే రెండోది కాస్త దూరంలో కాపలా కాస్తుంది. నేను ఆగినా అరవడం లేదు. మొన్న బుధవారం ప్రార్థనకు వెళ్తూ నన్ను అడిగిన ఆ పెద్దాయన్నే వెనక ఎక్కించుకుని వెళ్లాను. చూపించడానికి చాలాసేపు పట్టింది, ఆయనకు రాళ్లే కనబడ్డాయి. కనబడ్డాక మాట్లాడలేదు. కాసేపాగి, "మా అమ్మ ఇది అరిస్తే తలుపులు మూసేసేది" అన్నారు. నేను జేబులో చెయ్యి పెట్టబోతే, "వద్దులెండి అయ్యగారూ, కూర్చుని ఉంది కదా" అన్నారు.

అందుకే ఈ వారం స్టేటస్‌లో ఫోటో లేదు.